చేతిరంగు ఊలుతో అల్లిక: చిలప విప్పడం నుంచి శాలువా ఆరేసేదాకా

"చేతిరంగు ఊలు తెప్పించుకున్నాను అక్కా, మూడు నెలలైంది, ముట్టుకోవాలంటే భయంగా ఉంది." ఈ మాట ఈ మధ్య చాలామంది నోట విన్నాను. చేతిరంగు ఊలు అంటే మిల్లులో కాకుండా చేత్తో రంగు వేసినది; చిలప అంటే మెలితిప్పిన జడలా కట్టిన ఊలు కట్ట. 100 గ్రాముల చిలప వెయ్యి రూపాయలు దాటి ఉంటే భయం సహజమే. కానీ ఆ ఊలు బీరువాలో ఉండటానికి పుట్టలేదు. వేళ్ల మధ్య నుంచి జారుతూ, రెండు వరసలకోసారి కొత్త ఛాయ చూపిస్తూ ఉంటే ఆ సుఖం వేరు. దాన్ని పాడుచేయకుండా ఎలా అల్లాలో ఇక్కడ వరసగా చెబుతున్నాను.

నేను ఉండేది అనంతపురంలో. చలి ప్రాంతాలవాళ్లు రాసిన సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి. మన బోరు నీళ్లు వేరు, మన ఎండ వేరు, చేతికి పట్టే చెమట వేరు. కర్నూలు, కడప వాళ్లకూ ఇదే లెక్క. మీకు నిట్, పర్ల్ రెండు కుట్లు వస్తే చాలు, మిగతాది ఇందులో ఉంది.

1. కొనేటప్పుడే చూసుకోవాల్సినవి

చిలపకు కట్టిన చీటీ మీద నాలుగు సంగతులు చూడండి: ఏ పోగు, ఎన్ని గ్రాములు, ఎన్ని మీటర్లు, సూపర్‌వాష్ అవునా కాదా.

మీటర్లను బట్టి లావు తెలుస్తుంది. 100 గ్రాములకు 400 మీటర్ల దగ్గర ఉంటే అది సన్న ఊలు, ఫింగరింగ్ అంటారు. 225 మీటర్ల దగ్గర ఉంటే మధ్యరకం, డీకే. 200 మీటర్లో, ఇంకా తక్కువో ఉంటే లావు ఊలు. మన ఊళ్లకు సన్న ఊలే మంచిది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున కప్పుకోవడానికి సన్న శాలువా సరిపోతుంది, ఏసీ బస్సులోనూ పనికొస్తుంది.

మెరినో అనే మెత్తటి రకం ఊలులో సగానికి సగం పట్టు కలిపినది దొరికితే వదలకండి. పట్టు వల్ల రంగుకు లోపలి నుంచి మెరుపు వస్తుంది, బరువు తెలియదు. మేజోళ్లకైతే నాలుగింట ఒక వంతు నైలాన్ కలిసినది తీసుకోండి, మడమ దగ్గర త్వరగా అరిగిపోదు.

సూపర్‌వాష్ అంటే ఊలు పోగు మీద ఉండే పొలుసులను తగ్గించి, పైన సన్నటి పూత వేసినది. ఉతికినా ముద్దకట్టదు, రంగు బాగా పీల్చుకుంటుంది. అందుకే చేతిరంగు ఊలులో ఎక్కువ భాగం ఇదే ఉంటుంది. తడిస్తే సాగడం దీని గుణం. ఈ సంగతి మచ్చు ముక్క, అంటే ముందుగా అల్లి చూసుకునే చిన్న ముక్క, దగ్గర మళ్లీ వస్తుంది.

రంగు విషయానికొస్తే మూడు తీర్లు. ఒకే రంగు లేతగా, ముదురుగా మారేది ఒకటి. మూడు నాలుగు రంగులు పక్కపక్కన ఉండేది రెండోది. లేత నేల మీద చుక్కలు చల్లినట్టుండేది మూడోది. మొదటిసారైతే ఒకే రంగు ఛాయలది తీసుకోండి. చిలపగా చూసినప్పుడు కళ్లు చెదిరే నాలుగు రంగులది, అల్లాక గందరగోళంగా కనిపించే అవకాశం ఎక్కువ.

ఇంకొక్క మాట, ఇది చాలా ముఖ్యం. మిల్లు ఊలుకు డై లాట్ నంబరు ఉంటుంది, ఒకే నంబరైతే ఒకే రంగు. చేతిరంగుకు ఆ భరోసా లేదు. ఒకే గిన్నెలో ఉడికిన రెండు చిలపలు కూడా అక్కచెల్లెళ్లలా ఉంటాయి తప్ప కవలల్లా ఉండవు. కాబట్టి కావలసినన్ని ఒకేసారి కొనండి. "తగ్గితే మళ్లీ తెప్పించుకుందాం" అనుకుంటే ఆ రంగు మళ్లీ రాదు.

ధర్మవరం పట్టు దారంతో అల్లొచ్చా అని కూడా అడుగుతుంటారు. చీర నేతకు వాడే దారం చాలా సన్నం. ఒక పోగుతో అల్లిక సాగదు, చాలా పోగులు కలిపి పట్టుకోవాలి, అవి సూది మీద విడిపోతుంటాయి. చేయి బాగా తిరిగాక ప్రయత్నించండి. మొదటి శాలువాకు వద్దు.

2. దగ్గర పెట్టుకోవాల్సిన సామాను

- 100 గ్రాముల చిలపలు ఒకటి లేదా రెండు
- 4 మి.మీ. సర్క్యులర్ సూది (రెండు సూది మొనలను ఒక తీగ కలుపుతుంది), 80 సెం.మీ. తీగతో. ఊలులో పట్టు ఉంటే వెదురుది తీసుకోండి, స్టీలు మీద కుట్లు జారిపోతాయి
- 3.5, 4.5 మి.మీ. సూదులు, మచ్చు కోసం
- గ్రాము తేడా చూపించే వంటింటి డిజిటల్ తూకం
- మొద్దు మొనతో పెద్ద కన్నున్న సూది, కొసలు లోపలికి దూర్చడానికి
- టేపు, చిన్న కత్తెర, కుట్టుకు గుర్తు పెట్టే రింగులు
- తెల్లటి పాత కాటన్ గుడ్డ
- తుప్పు పట్టని గుండుసూదులు
- నోటు పుస్తకం, పెన్ను

నోటు పుస్తకం తప్పకుండా ఉండాలి. ఏ సూది, ఎన్ని కుట్లు, ఎన్ని గ్రాములు మిగిలింది రాసుకోకపోతే నెల తర్వాత గుర్తుండదు.

3. చిలప విప్పడం

చేతిరంగు ఊలు ఉండలా చుట్టి రాదు, మెలితిప్పిన జడలా వస్తుంది. ఆ జడ నుంచి నేరుగా అల్లడం మొదలుపెట్టకూడదు. మొదట్లో నాకు చెప్పేవాళ్లు లేక కొస దొరికిందని అలాగే మొదలుపెట్టాను. పది వరసలకే అంతా చిక్కుపడింది. ఒక ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని విప్పాను, అయినా మూడు చోట్ల తెంచాల్సి వచ్చింది.

పగటి వెలుతురులో, కిటికీ దగ్గర కూర్చోండి. చేతులు కడిగి తుడుచుకోండి. నూనె, లోషన్ ఉండకూడదు. గోరు ఎక్కడైనా గరుకుగా ఉంటే ముందే తీసేయండి, పట్టు పోగు ఇట్టే తగులుకుంటుంది.

- జడలో ఒక కొన ఇంకో కొనలోకి దూర్చి ఉంటుంది. దాన్ని మెల్లగా బయటికి తీయండి. జడ తనంతట తనే తిరుగుతూ విప్పుకుంటుంది.
- ఇప్పుడు పెద్ద వలయం వస్తుంది. రెండు చేతుల్లోకి తీసుకుని రెండుసార్లు గట్టిగా దులపండి. పోగులు సర్దుకుంటాయి.
- వలయాన్ని కుర్చీ వీపుకు తొడగండి. చాలకపోతే రెండు కుర్చీలు వీపులు కలిపి వేయండి. గొడుగులా విచ్చుకునే చెక్క చట్రం ఉంటే ఇంకా సుఖం.
- మెలిక ఉందేమో చుట్టూ వేలు పోనిచ్చి చూడండి. వలయం రిబ్బనులా చదునుగా ఉండాలి.
- ఎన్ని చోట్ల దారం కట్టి ఉందో లెక్కపెట్టండి, మామూలుగా మూడు నాలుగు ఉంటాయి. వాటిలో ఒకటి ఊలు కొసలతోనే కట్టి ఉంటుంది. ఉండ చుట్టే ముందు దారాలు కత్తిరించేటప్పుడు దాన్ని చివర్లో కత్తిరించండి.

వెంటనే చుట్టేయకండి. ఒక్క నిమిషం ఆగి ఆ వలయాన్ని చూడండి. జడగా ఉన్నప్పుడు నీలం ఒక్కటే అనుకున్న చోట, విప్పగానే లోపల నెమలికంఠం, దాని పక్కన బూడిద, ఎక్కడో చింతపండు రంగు చార కనిపిస్తాయి. పడుగొక రంగు, పేకొక రంగు వేసి నేసిన ధర్మవరం చీరను వెలుతురులో తిప్పి చూస్తే ఒక్కో వైపు ఒక్కో రంగు పలికినట్టు ఉంటుంది. వలయాన్ని ఇలా చూడటంలో ముచ్చటతో పాటు పనీ ఉంది. ఒక్కో రంగు ఎంత పొడవు నడుస్తోందో, వలయం చుట్టుకొలత ఎంతో ఇప్పుడే టేపుతో కొలిచి రాసుకోండి. ఏడో మెట్టులో ఈ కొలత కావాలి.

4. రంగు కారుతుందా? చుట్టకముందే తేల్చుకోండి

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. అల్లడమంతా అయ్యాక, మొదటిసారి ఉతికినప్పుడు ఎరుపు వెళ్లి తెలుపులో కలిస్తే చేసేదేమీ ఉండదు. వలయంగా ఉన్నప్పుడే పరీక్ష చేస్తే దిద్దుకోవచ్చు.

తెల్ల గుడ్డ కొస తడిపి, ముదురు రంగున్న చోట పోగులను పట్టుకుని పది సార్లు రుద్దండి. గుడ్డకు మరక పడకపోతే మంచిదే. లేతగా పడితే ఒకసారి జాడిస్తే సరిపోతుంది. ముద్రలా పడితే రంగు పూర్తిగా కుదురుకోలేదని అర్థం.

జాడించడానికి ఏ నీళ్లు వాడాలన్నది మన దగ్గర పెద్ద ప్రశ్న. అనంతపురంలో చాలా బోర్ల నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర కడతాయి. ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు, జిడ్డులా తేలి ఊలుకు అంటుకుంటుంది. ఊలు బిరుసెక్కిందని, రంగు వెలిసిందని బాధపడేవాళ్లలో చాలామందిది ఈ నీళ్ల సమస్యే. వాన నీళ్లు పట్టుకుని ఉంటే అవి వాడండి. లేదంటే ఆర్వో నీళ్ల క్యాను. 100 గ్రాముల చిలపకు నాలుగైదు లీటర్లు చాలు.

గోరువెచ్చని నీళ్లలో చిలపను ముంచి 20 నిమిషాలు ఉంచండి. పిండకండి, రుద్దకండి. నీళ్లకు రంగు వస్తే మార్చండి. రెండు మూడు సార్లకు తేరుకుంటే సరి. కట్టిన దారాలు తీయకండి, తీస్తే చిక్కుపడుతుంది.

నాలుగోసారి కూడా నీళ్లు రంగుగానే ఉంటే, ఆ రంగును వేడితో కట్టాలి. ఇక్కడ ఒక అపోహ ఉంది. ఉప్పు నీళ్లలోనో, చల్లటి వెనిగర్ నీళ్లలోనో నానబెడితే రంగు నిలుస్తుందని చెబుతుంటారు. ఊలుకు, పట్టుకు ఎక్కువగా వేసేది యాసిడ్ డై. అది పులుపు, వేడి రెండూ కలిస్తేనే పోగును పట్టుకుంటుంది. ఒక్కటుంటే చాలదు. ఇలా చేయండి:

- వంటకు వాడని స్టీలు గిన్నె తీసుకోండి. ఇనుము, రాగి వద్దు, రంగు మారుతుంది.
- చిలప మునిగేలా నీళ్లు పోసి, రెండు లీటర్లకు మూడు టేబుల్ స్పూన్ల తెల్ల వెనిగర్ కలపండి. వెనిగర్ లేకపోతే ఒక టీస్పూను నిమ్మ ఉప్పు.
- తడిపిన చిలపను మెల్లగా దించి సన్న మంట మీద పెట్టండి. ఆవిరి రావాలి, బుడగలొచ్చి మరగకూడదు.
- అలా అరగంట ఉంచండి. కలపకండి.
- మంట ఆపి, గిన్నెలోనే పూర్తిగా చల్లారనివ్వండి. వేడి ఊలును చన్నీళ్లలో వేస్తే ముద్దకట్టొచ్చు.
- తర్వాత జాడించి నీడలో ఆరేయండి.

ఇది ఒకే రంగు ఛాయలున్న చిలపకు. తెలుపు, ముదురు పక్కపక్కన ఉన్న చిలపకు ఇలా చేస్తే విడిపోయిన రంగు తెలుపుకు ఎక్కుతుంది. అలాంటి చిలప బాగా కారుతుంటే అమ్మినవాళ్లకే తిప్పి పంపండి. సూపర్‌వాష్ కాని ఊలైతే కదిలించడంలో ఇంకా జాగ్రత్త పడాలి.

నూలుకు ఈ పద్ధతి వద్దు. దానికి వేసే రంగులు వేరు, వెనిగర్ పనిచేయదు. నూలు చిలపను నీళ్లు తేరేదాకా చన్నీళ్లలో జాడించడమే.

5. ఉండ చుట్టడం

పూర్తిగా ఆరిన చిలపనే చుట్టండి. ఆషాఢం గాలి రోజుల్లో వరండాలో కూర్చోకండి, దుమ్మంతా పోగుల్లోకి పోతుంది.

వదులుగా చుట్టాలి. బిగువుగా చుడితే ఊలు సాగి ఉండిపోతుంది, అల్లి ఉతికాక ముడుచుకుంటుంది, మీ కొలతలన్నీ తప్పుతాయి. నాలుగు వేళ్లు ఉండ లోపల పెట్టి, వేళ్ల మీదుగా చుట్టి, వేళ్లు తీసేయండి. అప్పుడు వదులు దానంతటదే వస్తుంది. పట్టు కలిసిన ఊలు ఉండ జారి విడిపోతుంటే పలుచటి పాత సాక్సులో పెట్టుకోండి.

చుడుతున్నప్పుడు పోగు వేళ్ల మధ్య నుంచి పోనివ్వండి. ముడి తగిలితే ఆపి అక్కడ రంగు దారం కట్టి గుర్తు పెట్టుకోండి. శాలువా మధ్యలో అనుకోకుండా ముడి రావడం కన్నా ముందే తెలియడం మేలు.

6. మచ్చు ముక్క

"అంత ఖరీదైన ఊలు మచ్చుకు దండగ" అని అనుకోకండి. అల్లి, చూసి, విప్పేసి అదే ఊలు వాడుకోవచ్చు.

4 మి.మీ. సూదితో 30 కుట్లు ఎక్కించి, అన్ని వరసలూ నిట్ కుట్టుతో 15 సెం.మీ. అల్లండి. తర్వాత తడపండి, తువ్వాలులో ఒత్తండి, పరిచి ఆరనివ్వండి. అప్పుడు మధ్యలో 10 సెం.మీ. కొలిచి ఎన్ని కుట్లు ఉన్నాయో లెక్కపెట్టండి. తడపకముందు కొలతనూ పక్కన రాసుకోండి. సూపర్‌వాష్ ఊలైతే రెండింటికీ తేడా కళ్లకే కనిపిస్తుంది.

శాలువాకు కొలత కచ్చితంగా రాకపోయినా పర్వాలేదు. గుడ్డ చేతికి ఎలా ఉందో చూడండి. అట్టలా ఉంటే 4.5 సూదికి వెళ్లండి. వలలా ఉంటే 3.5. పైకెత్తితే మెత్తగా వాలిపోయేది మీ సూది. స్వెట్టరుకైతే ఆరాక వచ్చిన కొలతే లెక్క, అందులో రాజీ లేదు.

మచ్చు అల్లేటప్పుడు వేళ్లకు రంగు అంటుతోందేమో చూడండి. అంటితే నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లాలి.

7. రంగు గుమిగూడకుండా చూడటం

పలు రంగుల ఊలుతో అల్లేటప్పుడు ఒకే రంగు ఒకే చోట పేరుకుని మచ్చలా, మెరుపు తీగలా కనిపిస్తుంది. దీన్ని పూలింగ్ అంటారు. కారణం తేలికే: చిలపలో రంగులు ఒక వరస ప్రకారం మళ్లీ మళ్లీ వస్తాయి. మీ వరస పొడవు ఆ చక్రానికి సరిపోతే, ప్రతి వరసలో ఎరుపు ఎరుపు మీదే పడుతుంది.

మూడో మెట్టులో కొలిచింది గుర్తుందా? వలయం చుట్టుకొలత ఒకటిన్నర మీటరు అయితే, రంగుల చక్రం కూడా మామూలుగా అంతే. మీ వరసకు పట్టే దారం ఒకటిన్నర మీటరుకో, మూడు మీటర్లకో దగ్గరగా ఉంటే మచ్చలు పడతాయి. ఒక వరస దారం పొడవు తెలియాలంటే వరస మొదట్లో దారానికి రింగు తగిలించి, వరస అయ్యాక విప్పి కొలవండి.

తప్పించుకునే దారులు:

- నాలుగైదు కుట్లు పెంచడమో, తగ్గించడమో. చాలాసార్లు ఇదే సరిపోతుంది.
- సూది ఒక సైజు మార్చడం.
- కుట్టు మార్చడం. రెండు వైపులా నిట్ కుట్టే గార్టర్ అల్లిక రంగులను ముక్కలు చేసి కలిపేస్తుంది. మధ్య మధ్య ఒక కుట్టు అల్లకుండా జరిపేస్తే ఇంకా బాగా కలుస్తుంది.
- వరస పొడవు మారుతూ పోయే ఆకారం ఎంచుకోవడం. త్రికోణం శాలువా మొదటి పనికి నేను చెప్పేది ఇందుకే. వెడల్పు రెండు వరసలకోసారి మారుతూ ఉంటుంది కాబట్టి మచ్చ ఒకచోట ఎక్కువసేపు నిలవదు.

జాలీ పనితనం, ఆకుల డిజైను, జడలు, ఇవన్నీ పలు రంగుల ఊలులో కనబడకుండా పోతాయి. గంటల కష్టం ఎవరి కంటా పడదు. డిజైను చూపించాలంటే ఒకే రంగు ఊలు, రంగు చూపించాలంటే సాదా అల్లిక. రెండూ ఒకే శాలువాలో కావాలనుకోవద్దని గట్టిగా చెబుతాను.

8. రెండు చిలపలు వాడితే

మా పక్కింటి అమ్మాయి తన శాలువా పట్టుకుని వచ్చింది. "అక్కా, రెండూ ఒకే పేరుతో అమ్మిన చిలపలే కదా, మధ్యలో ఈ గీత ఎందుకు పడింది?" చూస్తే మొదటి చిలప అయిపోయిన చోట రంగు ఒక్క ఛాయ ముదిరింది. విప్పి మళ్లీ అల్లడం తప్ప వేరే దారి లేకపోయింది.

మొదటి నుంచే రెండు ఉండలు దగ్గర పెట్టుకోండి. రెండు వరసలు మొదటి ఉండతో, రెండు వరసలు రెండో ఉండతో. తేడా అంతా గుడ్డంతటా పంచుకుపోతుంది, గీత కనబడదు.

మార్చేటప్పుడు అల్లిన దారాన్ని కిందికి వదిలి, కొత్త దారాన్ని దాని కింద నుంచి పైకి తెచ్చుకోండి. ప్రతిసారీ ఒకేలా తెస్తే అంచు తీరుగా ఉంటుంది. కొత్త దారాన్ని లాగకండి. మొదటి కుట్టు అల్లాక అంచును వేలితో కొంచెం సాగదీసి, ఆ తర్వాత రెండో కుట్టుకు వెళ్లండి. అంచు గుంజుకుపోయిన శాలువా ఎంత ఉతికినా సర్దుకోదు.

స్వెట్టరుకు మూడు, నాలుగు చిలపలుంటే పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి ముదురు నుంచి లేతకు వరస పెట్టుకోండి. ట్యూబులైటు కింద వద్దు.

9. మొదటి శాలువా: అల్లే క్రమం

సన్న ఊలు ఒక చిలపతో మెడకు, భుజాలకు సరిపోయే చిన్న త్రికోణం వస్తుంది. రెండు చిలపలైతే నిండుగా కప్పుకోవచ్చు.

- చిలప బరువు తూచి రాసుకోండి. చీటీ మీద 100 ఉన్నా ఒకటి రెండు గ్రాముల తేడా ఉంటుంది.
- 3 కుట్లు ఎక్కించండి.
- 1వ వరస: మొదటి కుట్టును ముందు నుంచి ఒకసారి, సూది దించకుండా అదే కుట్టును వెనుక నుంచి ఇంకోసారి అల్లండి. ఒకటి రెండవుతుంది. మిగతావన్నీ నిట్.
- 2వ వరస: అన్నీ నిట్.
- ఈ రెండు వరసలే మళ్లీ మళ్లీ. పెంచే వైపు ఒక రింగు తగిలించుకోండి, ఏ వైపు ఉన్నారో తడబడరు.

రెండు వరసలకు ఒక కుట్టు పెరుగుతుంది. ఒక అంచు నిటారుగా, ఒక అంచు ఏటవాలుగా వస్తుంది.

మొదటి 20 వరసలు ఏదో ముక్కలా కనిపిస్తుంది, కంగారు పడకండి. 50 కుట్లు దాటాక రంగులు ఒకదాని పక్కన ఒకటి పరుచుకోవడం మొదలవుతుంది. అక్కడి నుంచి చేయి ఆపాలనిపించదు.

ఎక్కడ ఆపాలో తూకం చెబుతుంది. సగం బరువు అయిపోయిన చోట మీ సూది మీద ఎన్ని కుట్లున్నాయో చూడండి. త్రికోణం కాబట్టి అది చివరి వెడల్పులో సుమారు 70 శాతం. అంటే సగం దగ్గర 115 కుట్లుంటే, చివరికి 160 దాటుతాయి. సగం అయింది కాబట్టి వెడల్పూ సగమే అనుకుంటే పొరబాటు.

ప్రతి 40 వరసలకు ఒకసారి సన్నటి కాటన్ దారాన్ని మొద్దు సూదితో అన్ని కుట్లలోంచీ దూర్చి అలాగే వదిలేయండి. లైఫ్‌లైన్ అంటారు. తర్వాత ఎక్కడ తప్పినా అక్కడిదాకా నిశ్చింతగా విప్పొచ్చు. ఈ దారం తెలుపుదై ఉండాలి. రంగు దారం తడిస్తే ఊలుకు అంటుకుంటుంది.

చివర్లో కుట్లు మూసేయడానికి అంచు వెడల్పుకు కనీసం నాలుగు రెట్ల దారం మిగలాలి. నమ్మకం కోసం ఇలా చేయండి: ఒక వరసకు ముందూ తర్వాతా ఉండను తూచి, ఆ వరసకు ఎంత పట్టిందో చూసుకోండి. రెండు వరసలకు సరిపడా మిగలగానే మూసేయడం మొదలుపెట్టండి. మూసేటప్పుడు 4.5 మి.మీ. సూది వాడండి. బిగువుగా మూస్తే అంచు ముడుచుకుపోతుంది.

10. ఎండాకాలంలో అల్లేవాళ్లకు

ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిదిలోపే అల్లండి. చెమట చేతులకు ఊలు సూది మీద జరగదు, కుట్లు బిగుస్తాయి. ఒడిలో కాటన్ తువ్వాలు వేసుకుని, పది నిమిషాలకోసారి చేతులు తుడుచుకోండి. పౌడరు రాసుకోకండి. ఫ్యాను గాలికి ఉండ దొర్లకుండా గిన్నెలో పెట్టుకోండి.

11. తరచుగా వచ్చే తప్పులు, దిద్దుబాటు

కుట్టు జారిపోయింది: అల్లిన దాన్ని లాగకండి. జారిన కుట్టుకు వెంటనే రింగు తగిలించి, క్రోషే సూదితో పైకి ఎక్కించుకు రండి. గార్టర్ అల్లికలో ఒక మెట్టు ముందు నుంచి, ఒక మెట్టు వెనుక నుంచి ఎక్కించాలి.

దారం మధ్యలో ముడి: ముడితోనే అల్లేయకండి, ఉతికాక ఊడుతుంది. కత్తిరించి, పాత కొస, కొత్త కొస 10 సెం.మీ. కలిపి పట్టుకుని అల్లండి. తడిపి అరచేతుల్లో రుద్ది కలిపే పద్ధతి సూపర్‌వాష్ ఊలుకు పనికిరాదు, అది ముద్దకట్టదు కదా.

ముడి తర్వాత రంగు ఒక్కసారి మారింది: కొత్త కొస నుంచి కొంత దారం తీసేసి, రంగుల వరస కలిసే చోట నుంచి మొదలుపెట్టండి. తీసేసింది కొసలు కుట్టుకోవడానికి పనికొస్తుంది.

విప్పిన ఊలు నూడుల్స్‌లా వంకరలు తిరిగింది: మళ్లీ వలయంగా చుట్టి, నాలుగు చోట్ల కట్టి, తడిపి, నీడలో వేలాడదీయండి. ఆరేసరికి తిన్నబడుతుంది.

కుట్లు మధ్యలో పెరిగిపోయాయి: దారం సూది మీదుగా ముందుకు వచ్చి ఉంటుంది. 20 వరసలకోసారి లెక్కపెట్టండి.

12. ఉతకడం, లాగి ఆరేయడం

సూది నుంచి దించిన శాలువా ముడతలుగా, చిన్నగా ఉంటుంది. నిరుత్సాహపడకండి, సగం అందం ఇక్కడే వస్తుంది.

- గోరువెచ్చని మెత్తటి నీళ్లలో కొంచెం షాంపూ, లేదా ఊలు కోసం అమ్మే ద్రవం కలపండి. బట్టల పౌడరు, బ్లీచు వద్దు. వాటి ఘాటుకు ఊలు, పట్టు రెండూ దెబ్బతింటాయి.
- కుంకుడుకాయ రసం బాగా పనిచేస్తుంది, ఉప్పు నీళ్లలోనూ నురగ వస్తుంది. కానీ దాని గోధుమ ఛాయ లేత రంగులకు అంటొచ్చు. ముదురు రంగులకే వాడండి. బాగా వడకట్టండి.
- 20 నిమిషాలు నానబెట్టి, కదపకుండా ఎత్తండి. చివరి జాడింపు నీళ్లలో ఒక చెంచా వెనిగర్ వేస్తే సబ్బు జిడ్డు పోతుంది.
- రెండు చేతులతో కింద నుంచి పట్టుకుని ఎత్తాలి. ఒక కొన పట్టుకుని వేలాడదీస్తే నీళ్ల బరువుకు సాగిపోతుంది.
- తువ్వాలులో పెట్టి చాపలా చుట్టి, దాని మీద మోకాళ్లతో ఒత్తండి.
- మంచం మీద పాత దుప్పటి పరిచి, శాలువా వేసి, ముందు మూడు మూలలు, తర్వాత అంచులు గుండుసూదులతో పట్టించండి. చేత్తో నెమ్మదిగా బయటికి సాగదీస్తూ వెళ్లండి. ముడుచుకున్న రంగులన్నీ విచ్చుకోవడం అప్పుడు కనిపిస్తుంది.
- గది నీడలో, ఫ్యాను కింద ఆరనివ్వండి. మన మేడ మీద ఎండ చేతిరంగును వెలిసేలా చేస్తుంది. పూర్తిగా ఆరేదాకా సూదులు తీయొద్దు.

లోపలికి దూర్చిన కొసలను ఆరాకే కత్తిరించండి. ముందు కత్తిరిస్తే సాగేటప్పుడు లోపలి నుంచి బయటికొస్తాయి.

13. దాచడం

ఊలు పురుగు మురికి, చెమట ఉన్న చోటికే ముందు వస్తుంది. ఉతక్కుండా లోపల పెట్టకండి.

- కాటన్ సంచిలో మడిచి పెట్టండి, హ్యాంగరుకు వేయకండి
- నీడలో ఎండబెట్టిన వేపాకు గుడ్డలో మూటకట్టి పక్కన ఉంచండి, నేరుగా ఊలు మీద చల్లకండి
- రెండు నెలలకోసారి తీసి దులిపి, మడత మార్చండి
- పురుగు అనుమానం ఉంటే గాలి పోని కవరులో పెట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజరులో ఉంచండి
- మిగిలిన ఊలు ఒక గజం, చీటీ, మీ మచ్చు కొలతలు నోటు పుస్తకంలో పిన్ను చేయండి. ఎప్పుడైనా చిరుగు పడితే కుట్టడానికి అదే రంగు దారం కావాలి, అది ఇంకెక్కడా దొరకదు